మట్టిపని లెక్కలో ‘పర్’ అనే సన్న గడి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు తప్ప వేరే మాట వినపడదని ఇంట్లో వాళ్లు వేళాకోళం చేస్తుంటారు. అందుకని ఈసారి ఎవరి ఉద్యోగంలో ఏ పని చూశారో దాన్ని గురించి ఒకరొకరు చెప్పాలని కార్యవర్గం నిర్ణయించింది. నా వంతుకు మట్టి వచ్చింది.

నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ఇంజనీర్లు కాలువ గట్టు మీద నిలబడి టేపు పట్టి కొలిస్తే, ఆ కొలతలు ఆఫీసుకు వచ్చాక వాటిని హెచ్చవేసి, కూడి, పైసలతో సహా సరిచూసి బిల్లు పైకి పంపడం మా పని. మట్టిని చేత్తో ముట్టింది తక్కువే. కాగితం మీద మోసింది మాత్రం కొండంత.

ఎస్టిమేట్ కాగితం చూడని వారి కోసం రెండు ముక్కలు మనవి చేస్తాను. అందులో నిలువు గళ్లు ఉంటాయి. వరుస సంఖ్య, పని వివరం, పరిమాణం, రేటు, ‘పర్’, చివరికి మొత్తం. అన్నిటికంటే సన్నటి గడి ఆ ‘పర్’. తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఇంతకు’ అని. రేటు గడిలో పదిహేను వందలని ఉంటే, ఆ పదిహేను వందలు దేనికి? ఒక ఘనమీటరుకా, పది ఘనమీటర్లకా, నూటికా? ఆ సంగతి చెప్పేది ఈ గడే. మన పెన్షన్ కాగితంలో అంకె అలాగే ఉంచి, పక్కన ‘నెలకు’ అన్నచోట ‘సంవత్సరానికి’ అని రాశారనుకోండి. అంకె మారలేదు కదా అని ఊరుకుంటామా? మట్టిలోనూ అంతే.

ఒక చిన్న లెక్క చూద్దాం. కిలోమీటరు పొడవున పంట కాలువ తవ్వాలి. అడుగు వెడల్పు రెండు మీటర్లు, లోతు ఒక మీటరు. గట్లు జారకుండా ఇరుపక్కలా మీటరుకు మీటరు వాలు ఇస్తాం గనుక పై వెడల్పు నాలుగు మీటర్లవుతుంది. కిందిదీ పైదీ కలిపి సగం చేస్తే మూడు. లోతు ఒకటితో హెచ్చవేస్తే అడ్డుకోత మూడు చదరపు మీటర్లు. వెయ్యి మీటర్ల పొడవుకు 3,000 ఘనమీటర్ల మట్టి. మాటవరసకు రేటు రూ. 1,500 అనుకుందాం. పది ఘనమీటర్లకు అయితే బిల్లు నాలుగున్నర లక్షలు. అదే గడిలో ‘ఒకటి’ అని పడితే నలభై అయిదు లక్షలు. ‘నూరు’ అని పడితే నలభై అయిదు వేలు. కాలువ ఒక్కటే, మట్టి ఒక్కటే, రేటు అంకె కూడా ఒక్కటే. తేడా అంతా సన్న గడిలో ఉంది. అందుకే మా సీనియర్ గుమాస్తాలు బిల్లు చేతికి రాగానే మొత్తం గడి చూసేవారు కారు, ముందు ‘పర్’ గడి చూసేవారు.

ఈ ‘ఇంతకు’ ఎల్లకాలం ఒక్కలాగే లేదు. అడుగులు, అంగుళాల రోజుల్లో మట్టిపనిని ఘనపుటడుగుల్లో కొలిచేవారు. ఒక్క ఘనపుటడుగు మట్టి అంటే రెండు తట్టలకు కాస్త ఎక్కువ. దానికి రేటు కట్టాలంటే పైసలో భిన్నాలు రాయాల్సి వస్తుంది. అందుచేత నూరు ఘనపుటడుగులకో, వెయ్యి ఘనపుటడుగులకో రేటు కట్టేవారు. చాలా అంచనాల్లో శాతం గుర్తు వేస్తే నూటికి అని, దాని పక్కన ఇంకో సున్నా చుడితే వెయ్యికి అని అర్థం. నేను సర్వీసులో చేరేనాటికి మీటర్లు వచ్చేశాయి గాని, బీరువాలో పాత ఫైళ్లు తీస్తే ఆ చిన్న సున్నాలు కనిపించేవి. సిరా వెలిసిపోయిన చోట అది సున్నానా, చుక్కా, చిమ్మట కొట్టిన కన్నమా అని భూతద్దం పెట్టి చూసిన రోజులున్నాయి. ఎందుకంటే ఆ సున్నా ఒక్కటి పదింతలు.

మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చాయి. అణాలు, బేడలు పోయిన ఆ గందరగోళం మనలో పెద్దవారికి గుర్తే. 1960వ దశకంలో శాఖల అంచనాలు కూడా మీటర్లలోకి మారాయి. నాగార్జునసాగర్ చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసేనాటికి దేశం అడుగుల్లో ఉంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలేనాటికి మీటర్లలోకి వచ్చేసింది. ఒకే ప్రాజెక్టు పని రెండు కొలతల కాలాల్లో నడిచింది.

కొలత మారితే మారింది, హెచ్చవేసుకుంటే సరి అని మీరనవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. మీటరుకు 3.28 అడుగులు. అది అందరికీ నోటికి వచ్చు. కాని ఘనమీటరుకు 3.28 ఘనపుటడుగులు కావు, 35.3. పొడవు, వెడల్పు, లోతు మూడూ పెరుగుతాయి గనుక మూడుసార్లు హెచ్చవేయాలి. అందుచేత వెయ్యి ఘనపుటడుగులంటే 28.3 ఘనమీటర్లు. పాత రేటు వెయ్యికి రూ. 60 అయితే, కొత్త లెక్కలో పది ఘనమీటర్లకు రూ. 21.19 అవుతుంది. ఇలాంటి చోట ‘ఎందుకొచ్చిన పైసలు, వెయ్యి అడుగులంటే ముప్పై మీటర్లు అనుకుందాం’ అన్నారనుకోండి. గుండ్రంగా బాగానే ఉంటుంది. కాని తవ్వేవాడు 28.3కు రావలసిన కూలికి 30 తవ్వుతాడు. నూటికి ఆరు వంతుల చెమట ఊరికే పోయినట్టు. ఆఫీసులో ఒకరి సౌకర్యం కోసం చేసిన సర్దుబాటు పలుగు పట్టినవాడి ఒంటి మీద పడుతుంది.

ఘనపు కొలతలో ఇంకొక గుణం ఉంది. పొరపాటును అది పెంచి చూపిస్తుంది. పొడవులో నూటికి అయిదు, వెడల్పులో అయిదు, లోతులో అయిదు చొప్పున తగ్గించి రాస్తే పోయేది అయిదు కాదు, పద్నాలుగుకు పైన. అదే అయిదు చొప్పున మూడింటిలో పెంచి రాస్తే ఖజానాకు పడే బొక్క దాదాపు పదహారు. చూసేవాడికి టేపు కాస్త వదులుగా పట్టినట్టో, కాస్త బిగించి లాగినట్టో ఉంటుంది, అంతే. ఈ కారణం చేతనే మెజర్‌మెంట్ బుక్కు, మనం ఎం.బుక్ అనుకునేదానికి, అన్ని నియమాలు పెట్టారు. పుటలకు అచ్చు అంకెలు ఉండాలి. ఒక్క పుట చిరగరాదు. చెరపడం, దిద్ది రాయడం కూడదు. తప్పు పడితే గీత కొట్టి, పక్కన రాసి, పొట్టి సంతకం చేయాలి. పైఅధికారి వెళ్లి కొన్నిచోట్ల మళ్లీ కొలిచి చూడాలి. బయటివారికి ఇదంతా గుమాస్తాల చాదస్తంగా తోస్తుంది. ఆ చాదస్తం వెనక అటు కూలి డబ్బు, ఇటు ప్రభుత్వం డబ్బు రెండూ ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. యూనిట్ సరిగా రాశాం, హెచ్చవేత సరిగా చేశాం. అయినా లెక్క తేలకపోవచ్చు. ఎందుకని? మట్టి ఒక్కచోట ఒక్క తీరుగా ఉండదు. పది మీటర్లు పొడవు, పది వెడల్పు, మీటరు లోతు గుంట తవ్వితే నూరు ఘనమీటర్లు. ఆ మట్టిని పక్కన పోసి కుప్పను కొలవండి. సాధారణ మట్టి అయితే నూట ఇరవై, నూట ముప్పై దాకా తేలుతుంది. రాయి అయితే ఇంకా పొంగుతుంది. అదే మట్టిని గట్టు మీద పొరలు పొరలుగా పరచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి మళ్లీ కొలవండి. తొంభై తేలినా తేలవచ్చు. మట్టి ఎక్కడికీ పోలేదు. గుంటలో నూరు, కుప్పలో నూట పాతిక, గట్టులో తొంభై. మూడూ ఘనమీటర్లే, మూడూ నిజమే. కాబట్టి ‘ఘనమీటరుకు ఇంత’ అనడం సగం మాట. ఎక్కడ కొలిచిన ఘనమీటరు అన్నది మిగతా సగం. భారతీయ ప్రమాణాల సంస్థ వారు మట్టిపని కొలిచే పద్ధతికి ఐ.ఎస్. 1200 అనే ప్రమాణంలో మొదటి భాగాన్నే కేటాయించారు. తవ్వకాన్ని తవ్వినచోటే కొలవడం అందులో సాధారణ సూత్రం. గుంట కొలతకు వీలులేనప్పుడు కుప్పనో, గట్టునో కొలిచి, గుల్లతనానికి తగినంత తగ్గించుకోవాలి.

గుంటలో ఎంత లోతు తవ్వారో తవ్వాక తెలిసేదెలా? పాతకాలం నుంచీ ఒక ఉపాయం ఉంది. గుంట మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా దిబ్బలు వదిలేవారు. ఆ దిబ్బ తల మీద గడ్డి పరక కూడా అలాగే ఉండాలి. అది నేల అసలు మట్టానికి సాక్షి. దిబ్బ ఎత్తు కొలిస్తే గుంట లోతు తెలుస్తుంది. కొలత పూర్తయి ఎం.బుక్‌లో ఎక్కాకే దిబ్బ తీయాలి. దిబ్బ మీద కొత్తమట్టి పోసి పెంచకుండా చూసుకోవడం ఇంజనీరు పని, దిబ్బను ఎవరూ పడగొట్టకుండా కాచుకోవడం కూలీల పని.

నా సర్వీసులో చూసిన ఉదంతం ఒకటి చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు, మనుషుల పేర్లు అవసరం లేదు. ఒక చెరువు గట్టు బలపరిచే పని. పక్కనున్న గుంటల్లో తవ్వి గట్టు మీద పోయాలి. కూలీల ముఠా గుంట కొలతకు రేటు మాట్లాడుకుంది. పని అయింది. మధ్యలో వానలు పడ్డాయి, రోలరు తిరిగింది, గట్టు దిగింది. పని చేయించినాయన గట్టు కొలత ప్రకారం లెక్క కట్టి డబ్బు ఇచ్చాడు. గుంటల్లో నూరు ఉంటే గట్టు మీద తొంభై కూడా తేలలేదు. ముఠా మేస్త్రీ, డెబ్బై ఏళ్ల మనిషి, ఆఫీసు వరండాలో నిలబడి ఒకటే మాట అన్నాడు: “అయ్యా, మేం తవ్వింది గుంటలో ఉంది, గట్టు మీద కాదు.” చదువు రాని మనిషి ఐ.ఎస్. 1200 సారాంశం ఒక్క వాక్యంలో చెప్పేశాడు. అప్పటి ఇంజనీరు ధర్మాత్ముడు. మరునాడే వెళ్లి గుంటలు కొలిపించారు. దిబ్బలు నిలిచి ఉన్న గుంటలకు తేడా డబ్బు ఇప్పించారు. మూడు గుంటల్లో మాత్రం దిబ్బలను ట్రాక్టర్లవాళ్లు చదును చేసేశారు. వాటికి సాక్ష్యం లేదు. ఆ మేరకు వాళ్ల కష్టం మట్టిలోనే కలిసిపోయింది. ఆ మేస్త్రీ ఇంకేమీ అనకుండా తువ్వాలు దులుపుకుని మెట్లు దిగి వెళ్లాడు.

మట్టిపనిలో తవ్వడం ఒక ఎత్తు అయితే మోయడం మరొక ఎత్తు. ఎంత దూరం మోశారో దాన్ని లీడు అంటాం, ఎంత ఎత్తు ఎక్కించారో దాన్ని లిఫ్టు అంటాం. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్లలో మామూలుగా 50 మీటర్ల లీడు, మీటరున్నర లిఫ్టు మూలరేటులోనే కలిసి ఉంటాయి. ఆపైన దూరం పెరిగినా ఎత్తు పెరిగినా అదనంగా కట్టాలి. ఒక్కొక్క శాఖలో ఈ మొదటి దూరం వేర్వేరుగా ఉంటుంది గనుక ఒక శాఖ రేటును మరో శాఖ రేటుతో పోల్చేటప్పుడు ఇది చూడకుండా మాట్లాడకూడదు.

ఈ లీడు గడిని చాలామంది తేలికగా చూస్తారు. ఆ తేలిక ఎంత బరువో లెక్క కడదాం. ఘనమీటరు మట్టి తక్కువలో తక్కువ 1,600 కిలోలు ఉంటుంది. తట్టకు 20 కిలోలు ఎత్తారనుకుంటే 80 తట్టలు. మోసే దూరం 50 మీటర్లయితే పోనూ రానూ నూరు. ఎనభై సార్లకు ఎనిమిది కిలోమీటర్లు. అందులో నాలుగు కిలోమీటర్లు నెత్తిన బరువుతో. ఇదంతా ఒక్క ఘనమీటరుకు. దూరం ఇంకో ఇరవై మీటర్లు పెరిగిందంటే, కాగితం మీద ఇరవయ్యే గాని, నడక మరో మూడు కిలోమీటర్లకు పైన. మన వైపు పనుల్లో మగవాడు తవ్వితే తట్ట మోసేది చాలావరకు ఆడమనిషే. గుంట కొలిస్తే మగవాడి పని కంటికి కనిపిస్తుంది. ఆమె నడక ఎక్కడా గుంట చేయదు, దిబ్బ పెట్టదు. ఆమె నడకకు కాగితం మీద ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ లీడు గడి. దాన్ని ఖాళీగా వదిలేస్తే ఆమె ఇంట్లో కూర్చున్నట్టే లెక్క.

2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో కూడా ఈ లీడు సంగతి ముఖ్యమైంది. చెరువు పూడిక తీసి బండికి ఎత్తే ఖర్చు ప్రభుత్వానిది. ఆ ఒండ్రును పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. అంటే తవ్వకం, ఎత్తుడు ఒకరి ఖాతాలో, దూరం ఇంకొకరి ఖాతాలో. చెరువుకు దగ్గర పొలం ఉన్నవాడికి అది లాభసాటి, దూరంగా ఉన్నవాడు లెక్క వేసుకోవలసిందే. రేటులో ఏముంది, ఏమి లేదు అన్నది తెలిస్తేనే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమయ్యాక ఈ ఘనమీటర్ల లెక్క ఊరూరికీ వచ్చింది. అంతకుముందు అది మా ఆఫీసు గోడల మధ్య ఉండేది. చెరువు పూడిక, పొలం గట్లు, ఊట గుంటలు, అన్నీ మట్టిపనులే. చేసిన పనిని కొలిచి దాన్ని బట్టి కూలి కట్టే పద్ధతి గనుక, వారం చివర వచ్చిన డబ్బు రోజుకూలి కంటే తగ్గినప్పుడల్లా గొడవ టేపు దగ్గరికే చేరేది. 2005 నాటి చట్టంలో ఒక మంచి సూత్రం రాసుకున్నారు. మనిషి ఏడు గంటలు పనిచేస్తే మామూలుగా నిర్ణీత కూలి గిట్టేలా రేట్లు ఉండాలని. అంటే ముందు మనిషి కూలి, దాన్ని బట్టి మట్టి కొలత. మట్టి కొలతను బట్టి మనిషిని చూడటం కాదు. ఇసుకనేల తవ్వేవాడికీ, ఎండాకాలంలో గట్టి మొరం తవ్వేవాడికీ ఒకే ఘనమీటరు లెక్క కడితే ఆ సూత్రం నిలవదు. మెత్తటి మట్టి, గట్టి మొరం, మెత్తరాయి, మందు పెట్టి పేల్చే రాయి అని రేట్ల పుస్తకంలో వరసలు వేరుచేసింది అందుకే.

అన్ని మట్టిపనులకూ ఘనమే కొలత అనుకోకండి. నేల పైపైన ముప్పై సెంటీమీటర్ల లోపు చెక్కే పనికి చదరపు మీటర్ల లెక్క. పైపుల కోసం తవ్వే తక్కువ లోతు కందకానికి, లోతు ముందే చెప్పి, పొడవు మీటర్ల లెక్క. చెట్టు కొట్టాలంటే చుట్టుకొలతను బట్టి చెట్టుకు ఇంత. పనిలో ఏ వైపు పెరిగితే శ్రమ పెరుగుతుందో ఆ వైపును పట్టి కొలత పెట్టారు. బాగా ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది.

మట్టి మీటర్లలోకి మారింది గాని నీళ్లు ఇంకా అడుగుల్లోనే ఉన్నాయి. సాగర్ నిండు మట్టం ఎంత అంటే 590 అడుగులనే మన నోటికి వస్తుంది. శ్రీశైలం 885. టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు, అంటే 2.83 కోట్ల ఘనమీటర్లు. ఇందాకటి 28.3 మళ్లీ ఇక్కడ తగిలింది చూశారా! పోలవరం నిండు మట్టం 45.72 మీటర్లు అని పేపర్లో చదివి, ఈ పైసల అంకె ఏమిటని మా మనవడు అడిగాడు. 150 అడుగులను మీటర్లలోకి మారిస్తే వచ్చేది అదే అని చెప్పాను. అమెరికాలో ఉన్న మన పిల్లలు పెరట్లో మొక్కలకు మట్టి తెప్పించుకుంటే అక్కడ ‘యార్డు’ లెక్క. అది మన గజం బట్ట కాదు, ఘనపు గజం. ఇరవై ఏడు ఘనపుటడుగులు. మూడు యార్డులని ఆర్డరిచ్చి వాకిట్లో గుట్ట పడేసరికి కంగారుపడేవారుంటారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. రిటైరైన డబ్బుతో మనమో, లోన్లు పెట్టి మన పిల్లలో ఇల్లు మొదలుపెడతాం. పునాది కందకాలు మీటరు వెడల్పు, మీటరు లోతు, అన్నీ కలిపి నలభై మీటర్లు అనుకోండి. నలభై ఘనమీటర్లు. ఆ మట్టి బయటికి తోలించాలి. మన దగ్గర ట్రాక్టరువాళ్లకు యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనమీటర్లు. యూనిట్ పట్టే ట్రాక్టరుకు పద్నాలుగు ట్రిప్పులు చాలని కాగితం మీద తేలుతుంది. కాని తవ్విన మట్టి పొంగి నలభై కాస్తా యాభై అవుతుంది. ట్రిప్పులు పద్దెనిమిది అవుతాయి. ట్రాక్టరువాడు మోసం చేశాడని ఇంటాయనా, ఇంటాయన లెక్క తెలియక తిడుతున్నాడని ట్రాక్టరువాడూ వీధిలో అరుచుకుంటారు. ఇద్దరూ సత్యమే చెబుతున్నారు. ఒకరు గుంటను కొలిచారు, ఒకరు తొట్టిని కొలిచారు. పునాదుల మధ్య నింపేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. నలభై పట్టే చోటికి నలభై తోలిస్తే, నీళ్లు కొట్టి దిమ్మిసా వేశాక చాలదు. ఇసుకకూ ఇలాంటి గుణమే ఉంది. కాస్త తడి తగిలితే పొంగి తొట్టి నిండినట్టు కనిపిస్తుంది. జె.సి.బి.ని గంట లెక్కన మాట్లాడుకుంటే అది మరో కొలత. అక్కడ మీరు కొంటున్నది మట్టి కాదు, సమయం. బండి ఖాళీగా నిలబడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

అందుచేత మీ ఇంట్లో ఎవరు మట్టిపని మాట్లాడుకున్నా, బేరం ఆడేముందు నాలుగు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోమనండి. ఒకటి, రేటు దేనికి: ఘనమీటరుకా, యూనిట్‌కా, ట్రిప్పుకా, గంటకా. రెండు, కొలిచేది ఎక్కడ: గుంటలోనా, తొట్టిలోనా, దిమ్మిసా వేశాకనా. మూడు, ఎంత దూరం, ఎంత ఎత్తు దాకా ఆ రేటులో కలిసి ఉంది. నాలుగు, ఎవరు, ఎప్పుడు కొలుస్తారు. మట్టి కదలకముందు ఒకసారి, కదిలాక ఒకసారి, ఇద్దరి ఎదుటా కొలవాలి. ఈ నాలుగూ తెలిస్తే రేటు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ అన్యాయం జరగదు. ఇవి తెలియకుండా ఎంత గీసి గీసి బేరమాడినా అది అంకెలతో ఆడుకోవడమే.

ఈ రోజుల్లో టోటల్ స్టేషన్లు వచ్చాయి, డ్రోన్లు ఎగురుతున్నాయి, కంప్యూటరు క్షణంలో ఘనమీటర్లు తేల్చేస్తుంది. సంతోషం. మేము రోజంతా వేసిన హెచ్చవేతలు ఇప్పుడు మా మనవరాలు టీ తాగేలోపు చేస్తుంది. కాని ఎక్కడ కొలవాలో, దేనికి రేటు కట్టాలో, మోసినామె నడకను ఏ గడిలో రాయాలో యంత్రం తనంతట తాను నిర్ణయించదు. అది మనిషి రాసి పెట్టాలి. యూనిట్ అంటే లెక్కల మాస్టారి మాట అనుకుంటాం గాని, దిబ్బల పక్కన కూర్చుని సద్దిమూట విప్పుకునేవారికి అది సాయంకాలం పొయ్యి మీదికి వచ్చే బియ్యం. నష్టం వస్తే ఎవరి మీద పడాలో ముందుగానే నిర్ణయించేది ఆ సన్న గడి.

మన సంఘంలో ఇంజనీరింగ్ శాఖల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. చుట్టుపక్కల ఎవరైనా కొలతల గొడవతో, కూలి తగ్గిందన్న బాధతో వస్తే కాసేపు కూర్చోబెట్టి వారి కాగితం చూసిపెట్టండి. మనకు అది పావుగంట పని, వారికి అది వారం కూలి.